నాకు ఇన్‌కమింగ్ ఫ్రీ

2003 మే 1 నుంచి సెల్‌ఫోన్‌కి వచ్చే కాల్స్‌కి డబ్బు కట్టక్కర్లేదన్నారు. అప్పటిదాకా ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తాలా వద్దా అని నంబరు చూసి ఆలోచించుకునేవాళ్లం. ఆ సాయంత్రం నేను గుంటూరు నుంచి తెనాలిలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, ఇకనుంచి రోజూ నువ్వే చెయ్యి, నాకు ఇన్‌కమింగ్ ఫ్రీ" అని చెప్పాను. పండక్కి చీర తెచ్చిన కొడుకులా చెప్పాను.

అమ్మ కాసేపు ఆగింది. "నీకు ఫ్రీ సరే. మరి ఆ డబ్బు ఎవరి నెత్తిన పడుతుందిరా?" అంది.

"అవన్నీ నీకెందుకమ్మా" అన్నాను.

తెలియక అన్న మాట కాదది. అప్పటికి తొమ్మిదేళ్లుగా నేను మా వినియోగదారుల సంఘానికి కార్యదర్శిని. కొత్త పద్ధతిలో ఫోన్ చేసినవాళ్లే మొత్తం భరించాలి. వాళ్ల దగ్గర వసూలైన దాంట్లోంచి ఫోన్ అందుకున్నవాళ్ల కంపెనీకి వాటా వెళ్లాలి. అందుకని ఇంటి ఫోన్ నుంచి సెల్‌కి చేస్తే లోకల్ కాల్‌కయ్యే ఖర్చుతో సరిపోదు, అంతకంటే ఎక్కువ పడుతుంది. ఇదంతా నాలుగు రోజుల ముందే పేపర్లో చదివాను. ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను. సంఘం ఫైల్లో పెట్టుకోవడానికి.

ఇది నా ఒక్కడి తప్పే అయితే అమ్మ ఫొటో ముందు నిలబడి ఒప్పుకుని ఊరుకునేవాణ్ణి. ఊరంతా వినేలా చెప్పాల్సిన పని ఉండేది కాదు. మా సంఘంలో మేం పదకొండు మందిమి. ఇద్దరం లెక్చరర్లం, ముగ్గురు బ్యాంకు ఉద్యోగులు, ఒక ప్లీడరుగారు, ఒక రిటైర్డ్ తాసిల్దారు, మందుల షాపాయన, మిగతావాళ్లు బీమా, వ్యాపారం. చాలా ఏళ్ల తర్వాత ఒక ఆదివారం మాటల మధ్యలో నేను ఈ సంగతి చెబితే గది నిశ్శబ్దమైపోయింది. ఊళ్లో తల్లో తండ్రో ఇంటి ఫోన్‌తో మిగిలిపోయిన ప్రతివాడూ ఆ వారంలో అదే మాట అన్నాడు. దాదాపు అవే మాటల్లో.

*

ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే మా తప్పు 2003లో మొదలవలేదు.

మా ఇంటికి ఫోన్ 1989లో వచ్చింది. దరఖాస్తు పెట్టిన ఆరేళ్లకి. హాల్లో టేకు స్టూలు మీద, కేలెండర్ కింద, లేసు గుడ్డ కప్పుకుని కూర్చునేది. మొదట్లో అది వీధి వీధంతటికీ ఫోను. మా నంబరు పదిహేను కుటుంబాల పెళ్లిశుభలేఖల మీద, ఉద్యోగాల దరఖాస్తుల మీద పీపీ నంబరుగా, అంటే పక్కింటి ఫోన్‌గా, అచ్చయ్యేది. రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీకి పావు చార్జీ గనక ఏ హైదరాబాదు నుంచో ఏ బొంబాయి నుంచో ఆ వేళకే వచ్చేవి. అమ్మ నిద్ర లేచి, తలుపు తీసి, నాలుగిళ్ల అవతలికి వెళ్లి పిలుచుకొచ్చేది. నాన్నగారికి విసుగు. డయల్ రంధ్రంలో చిన్న ఇత్తడి తాళం బిగించారు. తాళం ఉన్నా హుక్కు మీద టకటక కొట్టి నంబరు కలపొచ్చని మా తమ్ముడు కనిపెట్టాడు, అది వేరే సంగతి. కొన్నాళ్లకి నేనే సెలవుల్లో వచ్చినప్పుడు ఫోన్‌ని హాల్లోంచి పడగ్గదిలోకి మార్పించాను. పడగ్గదిలోకి ఎవరూ రారు కదా. వీధి ఫోను మా సొంత ఫోను అయిపోయింది. ఇప్పుడనిపిస్తుంది, మా ఇల్లు దాటి బయటివాళ్ల ఫోన్ ఖర్చు గురించి ఆలోచించడం మేం ఆ రోజే మానేశామని.

1999లో అసలు దెబ్బ. దాని వెనకున్న లెక్క మొదట చెప్పాలి. అప్పటిదాకా మన దేశంలో దూరానికి మాట్లాడేవాళ్ల డబ్బుతో దగ్గరికి మాట్లాడేవాళ్ల ఫోన్ నడిచేది. ఎస్టీడీ, ఐఎస్డీ ధరలు ఆకాశంలో ఉండేవి. అద్దె, లోకల్ కాల్ అసలు ఖర్చు కంటే తక్కువకే దొరికేవి. ప్రైవేటు కంపెనీలు వస్తున్నాయి. అవి వస్తే లాభమున్న దూరపు కాల్స్‌ని ఎగరేసుకుపోతాయి, దగ్గరి కాల్స్ భారం ప్రభుత్వ టెలికాం శాఖ మీద మిగిలిపోతుంది. అందుకని 1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ధరల్ని సరిచేయడానికి పూనుకుంది. 1998లో సంప్రదింపు పత్రం వేసి జనాన్ని అభిప్రాయాలు అడిగింది. 1999 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. మే 1 నుంచి అమలు. ఎస్టీడీ, ఐఎస్డీ తగ్గాయి. నెలవారీ అద్దె పెరిగింది. ఉచిత కాల్స్ తగ్గాయి. లోకల్ కాల్ ఐదు నిమిషాలకి ఒకటిగా లెక్క వేసేవాళ్లు, ఇక మీదట మూడు నిమిషాలకి ఒకటి. గ్రామాల చందాదారులకి అద్దెలో కొంత రాయితీ ఉంచారు. ఆ మాటా చెప్పాలి.

ఈ మార్పు తప్పని నేను అనలేను. నేను అర్థశాస్త్రం చెప్పినవాణ్ణి. పాత లెక్క ఎల్లకాలం నిలిచేది కాదు. కానీ ఒక బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారుతున్నప్పుడు, ఆ రెండో భుజం ఎవరిదో చూడాల్సిన పని వినియోగదారుల సంఘానిది. మేం చూడలేదు.

ఆ ఉత్తర్వు వచ్చాక ఆదివారం జరిగిన మా సమావేశం నాకు బాగా గుర్తుంది. ప్లీడరుగారింటి వసారాలో కూర్చున్నాం. పేపరు మధ్యలో పెట్టుకుని చదివాం. "ఎస్టీడీ తగ్గిందండీ" అన్నారు బ్యాంకాయన. పదకొండు మందిలో తొమ్మిది మందికి పిల్లలో తోబుట్టువులో బయట ఊళ్లలో ఉన్నారు. మా తమ్ముడు పుణెలో, చెల్లెలు హైదరాబాదులో. సభ్యుల్లో ఇద్దరి పిల్లలు అప్పుడప్పుడే అమెరికా వెళ్లారు. ఎవరెవరికి ఎంత మిగులుతుందో లెక్కలు వేసుకున్నాం. మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని తిన్నాం. లోకల్ కాల్ గురించి తాసిల్దారుగారొక్కరే, "మూడు నిమిషాలంటే మాటల్లో పడితే తెలియకుండా దాటిపోతుందే" అన్నారు. ఎవరమూ అందుకోలేదు. ఆయన కూడా మళ్లీ ఎత్తలేదు. మినిట్స్ పుస్తకంలో ఆ రోజు తీర్మానం నా చేతిరాతతోనే ఉంది. ఎస్టీడీ ధరల తగ్గింపును సంఘం హర్షిస్తోంది అని.

*

అదే ఏడాది తెనాలిలో మా అమ్మ, పిన్ని రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్లో మాట్లాడుకునేవారు. పిన్ని ఇల్లు కాలవ అవతల. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. రాత్రిళ్లు రిక్షా ఎక్కి వెళ్లొచ్చే ఓపిక లేదు. పగలు ఏం వండుకున్నారు, గుళ్లో ఎవరు కనపడ్డారు, ఏ మందు వేసుకున్నారు, అంతే. నాలుగైదు నిమిషాల్లో అయిపోయే మాటలు. నిన్నటిదాకా ఒక కాల్‌గా పడేది రెండు కాల్స్‌గా పడటం మొదలైంది. పుణె వైపు తగ్గింది అమ్మకి పెద్దగా కలిసిరాలేదు. పుణెకి ఆవిడ ఫోన్ చేసేదే కాదు, తమ్ముడే చేసేవాడు. తగ్గినది వాడికి. పెరిగినది ఆవిడకి.

అమ్మకి ఈ విషయం ఎవరు చెప్పాలి? బిల్లు చెప్పదు. ఆ రోజుల్లో బిల్లు రెండు నెలలకి ఒకసారి వచ్చేది. మొదటి రీడింగ్, చివరి రీడింగ్, మొత్తం కాల్స్, అందులోంచి ఉచిత కాల్స్ తీసేసి మిగిలినవి, అద్దె, పన్ను. ఏ లోకల్ కాల్ ఎవరికి చేశారో, ఎన్ని నిమిషాలు మాట్లాడారో అందులో ఉండదు. కిరాణా కొట్టు చీటీలో పావుకిలో పంచదారకి కూడా ఒక వరుస ఉంటుంది. ఇక్కడ రెండు నెలల మాటలకి కలిపి ఒక అంకె. బస్టాండులో రూపాయి బిళ్ల వేసే ఎర్ర ఫోన్ కూడా టైమయిపోయే ముందు కీచుమని హెచ్చరించేది. ఇంటి ఫోన్ హెచ్చరించదు. మాట్లాడుతున్నంతసేపూ మీటర్ చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఆ సంవత్సరం మా సంఘానికి ఫోన్ బిల్లుల ఫిర్యాదులు ఎన్నడూ లేనన్ని వచ్చాయి. "మీటర్ గిర్రున తిరిగిపోతోందండీ", "మేం ఊళ్లో లేని నెల్లో కూడా ఇంత బిల్లా?", "లైన్‌మన్ మా లైన్లోంచి ఎవరికో మాట్లాడిస్తున్నాడండీ" అనేవాళ్లు. ఒక్కొక్కరికీ అర్జీ రాసిపెట్టాం. టెలిఫోన్ అదాలత్‌లకి తీసుకెళ్లాం. కొందరికి కొంత తగ్గింది. ఎక్కువమందికి మీటర్ సరిగానే ఉందని సమాధానం వచ్చింది. సరిగానే ఉండి ఉంటుంది. మారింది లెక్క వేసే పద్ధతి అని, ఐదు మూడైందని, ఆ వచ్చినవాళ్లకి కూర్చోబెట్టి చెప్పడానికి ఒక నిమిషం చాలు. మేం ప్రతి బిల్లులోనూ దొంగతనం వెతికాం. ధర గురించి ఆలోచించలేదు. కోపంతో వచ్చినవాళ్ల కోపాన్ని పాపం ఏ సంబంధమూ లేని లైన్‌మన్ మీదికి తోలి పంపించాం. ఎండలో స్తంభాలెక్కే మనిషిని దొంగని చేశాం. ఆ కాగితాల మీదా నా సంతకాలే ఉన్నాయి.

*

2002 జనవరిలో ఎస్టీడీ ఇంకా పడిపోయింది. వెయ్యి కిలోమీటర్ల అవతలికి పగటిపూట నిమిషానికి 24 రూపాయలుండేది 9కి దిగింది. 2006 మార్చి 1 నుంచి దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్నారు. ప్రతిసారీ హర్షించాం. ప్రతిసారీ మినిట్స్‌లో రాసుకున్నాం.

ఈ మధ్యలో వచ్చింది నేను మొదట చెప్పిన 2003.

నేను చెప్పినట్టే అమ్మ రోజూ ఎనిమిదిన్నరకి చేసేది. నా మనవరాలితో, అదే, మా అమ్మాయి కూతురితో మాట్లాడేది. మునిమనవరాలికి పాట పాడి వినిపించేది. నేను సెల్ స్పీకర్లో పెట్టి, పేపరు చదువుకుంటూ వినేవాణ్ణి. ఆగస్టులో ఊరెళ్లాను. మా ఇంట్లో బిల్లులన్నీ ఒక ఇనప తీగకి గుచ్చి వంటింటి తలుపు వెనక వేలాడదీసే అలవాటు. కరెంటు బిల్లు కోసం ఆ తీగ తీశాను. ఫోన్ బిల్లులు చేతికి తగిలాయి. పాత బిల్లు, దాని మీద కొత్త బిల్లు. కొత్తది పాతదానికి రెట్టింపు దాటింది. కొత్త బిల్లు వెనకవైపు అమ్మ పెన్సిలుతో ఏవో కూడికలు, తీసివేతలు వేసి ఉంది. పైన ఫ్యామిలీ పెన్షన్ అంకె. కింద పాలు, మందులు, పనిమనిషి జీతం, ఫోను. ఫోను అంకె చుట్టూ ఒక గీత. ఆ గీతకి ఎదురుగా ఇంకేమీ రాయలేదు.

అప్పుడైనా నేను చేయాల్సింది ఒకటే. "అమ్మా, నువ్వు ఒక్కసారి రింగిచ్చి పెట్టెయ్యి, నేను తిరిగి చేస్తా." అంతే. ఊరూవాడా మిస్డ్ కాల్ ఇచ్చి బతికిన కాలం అది, కూరగాయల బండివాడికి కూడా తెలుసు. నా జీతానికి నెలకి రెండొందలు ఎక్కువైతే ఏమీ కాదు. నేనేం చేశాను? "సెల్‌కి చేసినప్పుడు ఎక్కువసేపు మాట్లాడకమ్మా, త్వరత్వరగా పడిపోతుంది" అన్నాను. అలా అన్నాక ఏదో వివరించి సాయం చేసినట్టే అనిపించింది.

ఆ తర్వాత అమ్మ గోడగడియారం వైపు చూస్తూ మాట్లాడేది. నేను చూడలేదు, పక్కింటివాళ్లు చెప్పారు. రెండో నిమిషం నిండేలోగా "ఉంటా నాయనా" అనేది. వయసు మీద పడి ముభావంగా అయిపోయిందని మేం అన్నదమ్ములం అనుకున్నాం. పాట ఆగిపోయింది.

ఇంకో సంగతి నాకు పిన్ని చెబితే తెలిసింది. మాతో మాట్లాడే ఆ రెండు నిమిషాల ఖర్చు సర్దుకోవడానికి అమ్మ పిన్నికి రాత్రిపూట ఫోన్ చేయడం మానేసింది. "గుళ్లో ఎలాగూ కనపడతాంగా, ఇంట్లో కూర్చుని ఫోనెందుకు?" అందట. మోకాళ్లు మరీ పాడయ్యాక గుడికి వెళ్లడమూ మానేసింది. అక్కచెల్లెళ్లు చివరి నాలుగేళ్లలో ఎన్నిసార్లు మాట్లాడుకున్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇద్దరి ఇళ్లకీ మధ్య దూరం మైలున్నర.

ధరల మార్పు అంటే నాకు చాలాకాలం కాగితం మీద అంకె. పెరిగితే కట్టేవాడు కడతాడు, కట్టలేనివాడు తక్కువ వాడతాడు అని తరగతిలో నేనే బోర్డు మీద గీత గీసి చెప్పాను. తక్కువ వాడటం అంటే ఏమిటో ఆ గీతలో కనపడలేదు.

*

మేం ఇంటి ఫోన్లు తీసేసిన కాలం గురించి కూడా ఒప్పుకోవాలి. 2006 నాటికి దేశంలో ఇంటి ఫోన్లు 5 కోట్ల దాకా ఉండేవి. 2020 నాటికి 2 కోట్లకి పడిపోయాయి. మా సంఘంలో 2008కల్లా తొమ్మిది మందిమి కనెక్షన్ సరెండర్ చేసి, డిపాజిట్ వెనక్కి తీసుకున్నాం. అద్దె దండగ అనుకున్నాం. నిజమే, దండగే. ఒక్క విషయం మాత్రం ఎవరికీ తట్టలేదు. నా ఇంట్లో ఫోన్ ఉన్నంతకాలం నాకు చేసే వాళ్లకి అది ఇంటి ఫోన్ ధరకే పడేది. నేను తీసేసిన రోజున వాళ్లకి దారి సెల్ ఒక్కటే. వదిలి వెళ్లిన ప్రతివాడూ మిగిలినవాళ్ల బిల్లులో ఒక వరుస పెంచి వెళ్లాడు. మిగిలినవాళ్లెవరు? పెద్దవాళ్లు, కళ్లు సరిగా కనపడక చిన్న బటన్లు నొక్కలేనివాళ్లు, అరవై ఏళ్లుగా ఏదీ మార్చడం అలవాటు లేనివాళ్లు.

ధరలు ఎక్కడ నిర్ణయమవుతాయో మాకు తెలియదా? తెలుసు. ట్రాయ్ ప్రతి పెద్ద మార్పుకి ముందూ సంప్రదింపు పత్రం వేస్తుంది. గడువు ఇస్తుంది. ఎవరైనా రాయొచ్చు. నగరాల్లో ఓపెన్ హౌస్ పెడుతుంది, ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు. ఆ పత్రాలు ఇంగ్లీషులో ఉంటాయి, నిజమే. మాలో ఒకరు ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినాయన. ఒక్కసారి, ఒక్క పేజీ, తెలుగులో రాసి తెనాలిలోనో పొన్నూరులోనో ఇంటింటికీ పంచి, మీకేమనిపిస్తుందో చెప్పండమ్మా, మేం రాసి పంపుతాం అని అడిగి ఉంటే? గ్యాస్ సిలిండర్ తూకం మీద మూడు వేల కరపత్రాలు వేశాం. పెట్రోలు కొలత మీద వేశాం. ఫోన్ ధర మీద ఒక్క కరపత్రం లేదు. ఒక్క ఉత్తరం లేదు. కంపెనీలు తమ లెక్కలు, తమ నిపుణుల నివేదికలు పట్టుకుని ప్రతిసారీ వెళ్లాయి. అది వాళ్ల పని, చేశారు. మా కుర్చీ ఖాళీగా ఉంది.

దానికి బదులు మేం ఏం చేశామంటే, టెలిఫోన్ సలహా సంఘంలో సభ్యత్వం కోసం ఒక సాయంత్రమంతా వాదులాడుకున్నాం. ఎంపీలు సిఫార్సు చేస్తే ఆ సభ్యత్వం వచ్చేది. దానితోపాటు ఇంటికి ఉచిత ఫోన్. ఎవరి పేరు పంపాలన్నదాని మీద మాటామాటా పెరిగి, ఇద్దరు మిత్రులు ఏడాదిపాటు మాట్లాడుకోలేదు. చివరికి మాలో ఒకరికి వచ్చింది. ఆయన సమావేశాలకి వెళ్లొచ్చేవారు. అక్కడేం మాట్లాడారని మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు. నాకైతే ఆ రోజుల్లో బాధ నా పేరు పంపలేదనే.

2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఫోన్ బిల్లుల తగాదాలు వినియోగదారుల ఫోరాల ముందుకి రాకూడదంది. టెలిగ్రాఫ్ చట్టంలో మధ్యవర్తిత్వానికి వేరే దారి ఉంది, అటే వెళ్లాలంది. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు వేరే కేసులో ఆ అడ్డు లేదని చెప్పింది. మధ్యలో పన్నెండేళ్లు. ఆ మొదటి తీర్పు వచ్చిన రోజు మేమేమనుకున్నామో చెప్పడానికి సిగ్గుగా ఉంది. హమ్మయ్య అనుకున్నాం. ఫోన్ ఫిర్యాదులంటే తలనొప్పి. బిల్లు పట్టుకుని వచ్చినవాళ్లకి "ఇక మన చేతిలో లేదండీ, సుప్రీంకోర్టు చెప్పేసింది" అని గుమ్మంలోనే చెప్పి పంపేశాం. మధ్యవర్తిత్వం ఎలా అడగాలో, అర్జీ ఎవరికి పెట్టాలో ఒక్కరికీ చెప్పలేదు. ప్లీడరుగారికి తెలుసు. మేం ఆయన్ని అడగలేదు.

*

తర్వాతివి చిన్న చిన్న మార్పులు. చిన్నవి గనక ఇంకా తేలిగ్గా వదిలేశాం. 2015 మేలో బీఎస్ఎన్ఎల్ ఇంటి ఫోన్ల నుంచి రాత్రి 9 మొదలు పొద్దున 7 దాకా ఎక్కడికైనా ఉచితమంది. ఆ మరుసటేడు ఆదివారాలు కూడా. 2018లో రాత్రి వేళని పదిన్నర నుంచి ఆరుకి కుదించారు, ఆదివారం ఉచితం తీసేశారు. తొమ్మిదింటికి మాట్లాడి పడుకునే ముసలివాళ్లకి పదిన్నర అంటే అర్ధరాత్రి. మా కాలనీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించడానికి నాకు ఐదు నిమిషాలు పట్టేది. బోర్డు తాళంచెవి నా దగ్గరే ఉండేది.

2021 జనవరి 15 నుంచి ఇంటి ఫోన్ నుంచి సెల్‌కి చేయాలంటే ముందు సున్నా నొక్కాలన్నారు. మా కింది వాటాలో మామ్మగారికి ఎనభై దాటాయి. నాలుగు రోజులపాటు కూతురి ఫోన్ చెడిపోయిందని కంగారుపడుతూ కూర్చుంది. ఐదో రోజు మెట్లెక్కలేక, పనిమనిషిని పంపి నన్ను పిలిపించింది. నేను వెళ్లి సున్నా నొక్కి కలిపి ఇచ్చాను. ఆవిడ నాకు దణ్ణం పెట్టబోయింది. ఆ సున్నా వార్త నేను పది రోజుల ముందే చదివాను. రోజూ పొద్దున పాల ప్యాకెట్ తెచ్చుకోవడానికి ఆవిడ గుమ్మం ముందు నుంచే దిగి వెళ్తాను.

మామ్మగారి ఇంటి ఫోన్ ఆ తర్వాత రెండేళ్లకి మూగబోయింది. కూతురు బటన్లున్న చిన్న సెల్ కొనిచ్చింది. ఆవిడకి కావాల్సింది మాట. డేటా అక్కర్లేదు, ఆ ఫోన్లో ఇంటర్నెట్ రాదు కూడా. అయినా అప్పట్లో ప్యాకుల్లో డేటా కలిపే ఉండేది, కలిపే ధర ఉండేది. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ ధరలు పెంచాయి. అదే నెలలో ట్రాయ్ మాటలకి మాత్రమే వేరే ప్యాకులు ఉండాలా అని మళ్లీ జనాన్ని అడిగింది. సంఘంలో ఇప్పుడు మేం నలుగురం మిగిలాం. అందరికీ డెబ్బై దాటాయి లేదా దాటబోతున్నాయి. ఇరవై ఐదేళ్లుగా అడుగుతూనే ఉన్నారు, ఈసారైనా రాద్దాం అనుకున్నాం. గడువు రాసుకున్నాను. ఎవరి మోకాళ్లు, ఎవరి కంటి ఆపరేషన్, ఎవరి మనవడి పెళ్లి వాళ్లకున్నాయి. నేనే రాస్తానన్నాను. మొదటి పేరా రాసి ఆపేశాను. గడువు దాటిపోయింది.

మేం రాయకపోయినా వేరేవాళ్లు రాశారు. డిసెంబరులో ట్రాయ్ మాటలకి, మెసేజీలకి మాత్రమే ప్యాకులు పెట్టాలని ఆదేశించింది. 2025 జనవరిలో అవి వచ్చాయి. నేను చదివాను. మనసులో సంతోషించాను.

కిందటి నెల మామ్మగారు పిలిచి, "అబ్బాయ్, రీఛార్జి అయిపోయింది, మాట్లాడుకోవడానికి మటుకు చాలు, చూడు నాయనా" అంది. నా ఫోన్లో యాప్ తెరిచాను. నంబరు కొట్టాను. పైన కనపడ్డ ప్యాకు నొక్కాను. ఇరవై ఎనిమిది రోజులది, రోజుకి ఇంత డేటా. డబ్బు కట్టేశాను. చేతికి అలవాటైన పని, ఒక నిమిషం పట్టలేదు. మెట్లెక్కి పైకొచ్చి కుర్చీలో కూర్చున్నాక ఆ పేజీ ఇంకా తెరిచే ఉంది. ఊరికే కిందికి జరిపాను. అన్నిటికంటే అడుగున ఉంది మాటల ప్యాకు. ఎనభై నాలుగు రోజులది.

సాయంత్రం మామ్మగారు పనిమనిషి చేత డబ్బు పంపింది. రూపాయి తక్కువ కాకుండా, పాత కేలెండర్ కాగితంలో మడిచి. మర్నాడు పాల ప్యాకెట్ కోసం దిగుతూ చూశాను. ఆవిడ గుమ్మం పక్క గోడకున్న కొత్త కేలెండర్లో ఇరవై ఎనిమిది రోజులు లెక్కపెట్టి, ఆ తేదీ చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీసుకుంది. తలుపు తీసే ఉంది. ఆవిడ లోపల కూతురితో మాట్లాడుతోంది. నేను కాసేపు నిలబడి, చెప్పకుండానే దిగి వెళ్లిపోయాను.

ఆ గీత గీసిన తేదీకి ఇంకా ఆరు రోజులున్నాయి. డబ్బులో తేడా లెక్క కట్టి కవరులో పెట్టాను. కవరు ఇంకా నా బల్ల మీదే ఉంది.